పడితేనే ప్రమాదమా?

గాలిమరల నిర్వహణ కంపెనీల సైట్ మేనేజర్లకు, సేఫ్టీ ఆఫీసర్లకు, సైట్లకు మనుషులను పంపే కాంట్రాక్టర్లకు నమస్కారం.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. మిరపకాయల మార్కెట్ ఉన్న ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. పక్కనే బాసర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సైట్లో హిందీ, ఇట్లా మూడు భాషల్లో బతికే ఊళ్లు మావి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేసి పన్నెండేళ్ల కింద ఈ పనిలోకి వచ్చాను. సాతారా కొండల మీద కొన్నాళ్లు, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక ఏడాది, ఆ తర్వాత ధారాశివ్, బీడ్ జిల్లాల గుట్టల మీద. ఇప్పుడు నలుగురున్న టీమ్‌కి లీడ్‌ని. దెగ్లూరు, బిలోలి, కుండల్‌వాడి వైపు నుంచి నాలాగే ఐటీఐ చదివి వచ్చిన పిల్లలు చాలామంది ఈ సైట్లలో ఉన్నారు. మరాఠీలో పవనచక్కి అంటారు, మా ఇళ్లలో గాలిమర అంటారు, మేం మాత్రం ఒట్టి మెషీన్ అంటాం.

ప్రతి సైట్ గేటు దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. ఇక్కడ ఇన్ని రోజులుగా ప్రమాదం జరగలేదు అని రాసి, రోజూ పొద్దున అంకె మారుస్తారు. ఆ అంకె వెనక మీ కష్టం ఉందని నాకు తెలుసు. నేను చేరిన కొత్తలో హార్నెస్, అంటే పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీల జోడు, చిరిగినా దారంతో కుట్టుకుని ఎక్కిన వాళ్లను చూశాను. ఇప్పుడు అట్లా లేదు. ఒంటినిండా హార్నెస్, నిచ్చెన పక్క తీగ మీద జారుతూ పడబోతే పట్టేసే క్లచ్, హార్నెస్‌ని టవర్‌కి తగిలించే రెండు కొక్కేల తాడు (ల్యాన్యార్డ్), పైన రెస్క్యూ కిట్, అన్నీ ఉన్నాయి. మనిషి పడిపోకుండా మీరు చాలా చేశారు. దానికి మా ఇళ్లవాళ్లంతా మీకు రుణపడి ఉన్నారు.

ఈ లేఖ పడకుండానే పాడైపోతున్న మనుషుల గురించి. ఆ బోర్డు మీద అంకె పెరుగుతున్న రోజుల్లోనే మా నలుగురిలో ముగ్గురం నొప్పి మాత్రలు మింగుతూ ఎక్కుతున్నాం. ఆ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

నిరుడు మార్చిలో జరిగింది చెప్తాను. బిలోలి తాలూకా అబ్బాయి, ఇరవై నాలుగేళ్లు, నన్ను అన్నా అని పిలుస్తాడు. ఆ రోజు బ్లేడు బోల్టుల బిగింపు పని. బ్లేడ్లు తిరగకుండా రోటర్ లాక్ వేసి, బ్లేడ్లన్నీ కలిసే హబ్‌లోకి వెళ్లాం. హబ్ లోపల ఎట్లా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. నిటారుగా నిలబడడానికి చోటుండదు. కాలు పెట్టేచోట సమంగా ఉండదు, వంపు తిరిగిన ఇనుము. ఒక్కో బ్లేడుకి యాభైకి పైగా బోల్టులు, చుట్టూ వలయంలా ఉంటాయి. పైనున్న బోల్టుకి చేతులు తల మీదికెత్తాలి, కిందున్నదానికి పక్కకు ఒరిగి పడుకోవాలి. హైడ్రాలిక్ టార్క్ రెంచ్ బిగించే పని తనే చేస్తుంది, నిజమే. కానీ దాన్ని ఒక బోల్టు మీద నుంచి తీసి పక్క బోల్టు మీద కూర్చోబెట్టేది మనిషి చెయ్యే. పదికిలోల ఇనుమును చాచిన చేత్తో, మెలి తిరిగిన నడుంతో, గంటకు పాతిక ముప్పైసార్లు.

వాడు ఎడమ మోచేతి మీద ఒరిగి ఉన్నాడు. నేను పంపు దగ్గర ఉన్నాను. "అన్నా, ఆపు" అన్నాడు. ఆపాను. ఏమైందిరా అంటే మాట రాలేదు. రెంచ్ బోల్టు మీదే ఉంది, వాడి చెయ్యి దాని మీదే ఉంది, చెయ్యి తియ్యడానికి కూడా ఒళ్లు కదపలేకపోతున్నాడు. ముఖమంతా చెమట. నడుం పట్టేసింది, ఎడమ కాలు మడమ దాకా గుంజుతోంది అని చాలాసేపటికి చెప్పాడు. హబ్ నుంచి నాసెల్‌లోకి, అంటే టవర్ పైన గేర్‌బాక్స్, జనరేటర్ ఉండే గదిలోకి, రావాలంటే పాక్కుంటూ రావాలి. వాడు మోకాలు ముడవలేడు, పక్కకు తిరగలేడు. హార్నెస్ సంచి మడిచి తల కింద పెట్టాను. సీసా మూతతో నీళ్లు పోశాను. నలభై నిమిషాలు అట్లాగే ఉన్నాం. తర్వాత మెల్లగా నాసెల్‌లోకి లాగి, రెస్క్యూ కిట్‌తో నాసెల్ అడుగు తలుపులోంచి కిందికి దించేసరికి మొత్తం మూడు గంటలు పట్టింది.

మరుసటి రోజు పొద్దున బోర్డు మీద అంకె మారింది. ఒకటి పెరిగింది. వాడు పడలేదు, రక్తం రాలేదు, ఎముక విరగలేదు. రిజిస్టర్‌లో అస్వస్థత అని రాశారు.

దీనికి రెండు వారాల ముందు వాడు నాతో చెప్పాడు. "అన్నా, పొద్దున లేవగానే నడుం తిమ్మిరిగా ఉంటోంది, కాలు మొద్దుబారుతోంది" అన్నాడు. మెయింటెనెన్స్ సీజన్ నడుస్తోంది, అయ్యాక లీవ్ తీసుకుందువులే, రెండు రోజుల్లో పోతుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే. అది ఒప్పుకోకుండా మీకు ఈ లేఖ రాసే హక్కు నాకు లేదు. తిమ్మిరి అంటే నరం నొక్కుకుంటూ ఉండవచ్చని నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే వాణ్ణి హబ్‌లోకి పంపేవాణ్ణి కాదు. నాకు ఎవరూ చెప్పలేదు. మీరిచ్చిన ట్రైనింగ్‌లో కూడా అది లేదు.

ఎక్కడం గురించి కాస్త లెక్క చూద్దాం. మా సైట్లో ఎక్కువ మెషీన్లు 80 మీటర్ల టవర్లవి. మూడు మీటర్లకు ఒక అంతస్తు వేసుకున్నా ఇరవై ఆరు అంతస్తుల ఎత్తు. నిచ్చెన మెట్టుకీ మెట్టుకీ మధ్య సుమారు 28 సెంటీమీటర్లు. అంటే పైకి చేరడానికి 285 మెట్లు. ఇంటి మెట్ల మాదిరి ఏటవాలుగా ఉండవు, గోడలా నిటారుగా ఉంటాయి. హార్నెస్, హెల్మెట్, బూట్లు, ల్యాన్యార్డ్‌లు కలిపి ఒంటి మీద ఎనిమిది నుంచి పది కిలోలు. నడుముకి కట్టిన చిన్న పనిముట్లు వేరు. ఒక మెషీన్ ఎక్కి దిగాక ఫోనొస్తుంది, పక్క మెషీన్ ఎర్రర్‌లో ఉంది అని. అది ఎక్కి దిగాక ఇంకొకటి. ఫిబ్రవరిలో ఒక రోజు నేను మూడు మెషీన్లు ఎక్కాను. 855 మెట్లు పైకి, 855 మెట్లు కిందికి. ఇప్పుడు వస్తున్న టవర్లు 120, 140 మీటర్లవి. వాటికి లిఫ్టు ఉంటుంది, మంచిదే. కానీ 140 మీటర్ల టవర్‌లో లిఫ్టు చెడిపోయిన రోజు 500 మెట్లు.

ఎక్కేటప్పుడు బలం కాళ్లతో నెట్టాలి, చేతులతో లాగకూడదు. కొత్త పిల్లలు భయానికి చేతులతో లాగుతారు. సగం దూరం వచ్చేసరికి ముంజేతులు రాళ్లలా గట్టిపడిపోతాయి, వేళ్లు తెరుచుకోవు. అట్లాంటి చేతులతో పైకి చేరాక ఇక అక్కడ సన్న స్క్రూ విప్పాలి. ఒళ్లు నిచ్చెనకు దగ్గరగా లేకుండా వెనక్కి వాలితే క్లచ్ పట్టుకుని ఛాతీ దగ్గర గుద్దినట్టు లాగుతుంది. దిగేటప్పుడు ఇంకో బాధ. పైకి ఎక్కడమే కష్టం, దిగడం సులువు అని ఆఫీసులో కూర్చున్నవాళ్లు అనుకుంటారు. మోకాళ్లను తినేది దిగడమే. ఒక కాలు కింద మెట్టు కోసం వెతుకుతుంటే ఒంటి బరువంతా ముడిచిన ఇంకో మోకాలి మీద ఉంటుంది. 285 సార్లు అట్లా.

మా మేనమామ నిజామాబాద్ జిల్లాలో కల్లు గీసేవాడు. రోజూ తాళ్లెక్కేవాడు. మోకు నడుముకు వేసుకుని చెట్టుకు వెనక్కి వాలి నిలబడితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి, భుజాలకు అలుపు తీరుతుంది. మా వర్క్ పొజిషనింగ్ ల్యాన్యార్డ్ చేసేది అదే పని. కానీ మా పిల్లల్లో చాలామంది అది తగిలించుకోరు, టైమ్ పోతుందని. మామ యాభై ఏళ్లకే గొంతుక్కూర్చోలేకపోయాడు. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పని. అది పడకుండా కాపాడుతుంది. మామ మోకాళ్లు మాత్రం పడి పోలేదు, ఎక్కీ దిగీ పోయాయి. మా ఇళ్లలో ఇప్పటికీ కింద కూర్చునే తింటాం, చాలా ఇళ్లలో మరుగుదొడ్డి కూడా గొంతుక్కూర్చునేదే. మోకాలు పోయినవాడికి సైట్ ఒక్కటే కాదు, ఇల్లు కూడా కష్టమవుతుంది. ఆ బిలోలి అబ్బాయికి మొన్నటి దాకా వాళ్లమ్మే సాక్సులు తొడిగింది.

ఇంకో సంగతి వేడి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బాగా వీస్తుంది, ఏడాది కరెంటులో పెద్ద భాగం ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. అందుకని మెషీన్ ఆపి చేసే పనులన్నీ దానికి ముందు, ఫిబ్రవరి నుంచి మే లోపల పెడతారు. మీ లెక్క ప్రకారం సరైనదే, నేను కాదనను. కానీ అవే మరాఠ్వాడాలో ఎండలు మండే నెలలు. బయట 42 ఉంటే నాసెల్ లోపల ఇంకా ఎక్కువ, గేర్‌బాక్స్, జనరేటర్ వేడి గంటల తరబడి దిగదు. అక్కడ మూత్రానికి వెళ్లే చోటు లేదు. అందుకని మేం నీళ్లు తాగం. పొద్దున జీపు ఎక్కే ముందే తాగడం ఆపేస్తాం. ఒంట్లో నీళ్లు తగ్గితే కండరాలు పట్టేస్తాయి. పట్టేసిన పిక్కతో 80 మీటర్లు దిగాలి. దానికి తోడు నొప్పి మాత్ర. ఊళ్లో డాక్టర్ దగ్గర నడుం నొప్పి అంటే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడుస్తాడు, సాయంత్రానికి హాయిగా ఉంటుంది, మరుసటి రోజు మళ్లీ ఎక్కుతాం. నీళ్లు తాగని ఒంటికి ఆ మందు పడితే కిడ్నీలకు దెబ్బ. నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బతిన్న చోటే మళ్లీ బరువు వేస్తాం. ఇవి రెండూ తెలిసి కూడా పిల్లలు వాడుతున్నారు, ఎందుకంటే ఎక్కలేను అని చెప్తే కాంట్రాక్ట్ మళ్లీ రాయరేమోనని టెన్షన్.

ట్రైనింగ్ సంగతికి వస్తాను. గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ ప్రాథమిక శిక్షణలో ఎత్తులో పని, ప్రథమ చికిత్స, అగ్నిప్రమాదాలతో పాటు బరువులెత్తడం మీద కూడా ఒక భాగం ఉంది. రెండేళ్లకోసారి మళ్లీ చెయ్యాలి. నేను చేశాను. బాగా చెప్పారు. మోకాళ్లు వంచండి, వెన్ను నిటారుగా పెట్టండి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి, నడుం తిప్పకండి. శిక్షణ గదిలో చదునైన నేల మీద అట్టపెట్టె ఎత్తి చూపించాను, పాసయ్యాను. హబ్‌లో ఆ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా కుదరదు. మోకాళ్లు వంచడానికి చోటుండదు, వెన్ను నిటారుగా పెడితే తల తగులుతుంది, బరువు చెయ్యి చాచినంత దూరంలో ఉంటుంది, నడుం తిప్పకుండా బోల్టు అందదు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ బరువులెత్తడానికి ఒక లెక్క ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే నిలబడి, రెండు చేతులతో, ఒంటికి దగ్గరగా, మెలి తిరగకుండా ఎత్తినప్పుడు 23 కిలోలు హద్దు. దూరం పెరిగినా, వంగినా, తిరిగినా, ఎక్కువసార్లు ఎత్తినా ఆ 23 తగ్గుతూ పోతుంది. మా టార్క్ పంపు పాతిక ముప్పై కిలోలు ఉంటుంది. అన్నీ అనుకూలంగా ఉన్నా అది హద్దు దాటిన బరువే, ఇక వంగి నడవాల్సిన నాసెల్‌లో దాన్ని ఒక్కడే జరపడం ఎంత మోటుపనో మీరే లెక్క వేసి చూడండి. జాగ్రత్తగా ఎత్తండి అనే పోస్టర్ గోడ మీద ఉన్నంత మాత్రాన ఆ లెక్క మారదు.

బరువులు పైకి చేర్చడానికి నాసెల్‌లో చెయిన్ హాయిస్ట్ ఉంటుంది. అది పనిచేస్తున్నంత కాలం ఎవరికీ బాధ లేదు. అది చెడిపోయినప్పుడు మాత్రం దాన్ని చిన్న పని కింద రాసి తర్వాతకు వాయిదా వేస్తారు, ఎందుకంటే హాయిస్ట్ చెడిపోతే మెషీన్ ఆగదు, కరెంటు వస్తూనే ఉంటుంది. ఈలోపు ఎర్రర్ వస్తే సామాను సంచిలో వేసుకుని వీపు మీద మోస్తాం. ఎక్కేటప్పుడు కొంత బరువు మోసే క్లైంబ్ అసిస్ట్ కూడా అంతే. అది ముప్పై నలభై కిలోల దాకా లాగుతుంది, ఒక మనిషి ఒంటి బరువులో సగానికి దగ్గర. పాత టవర్లలో అది లేదు. ఉన్న టవర్లలో బెల్టు తెగితే నెలల తరబడి తెగే ఉంటుంది.

ఇక స్టోరు. ఇది ఎర్గానమిక్స్, అంటే పనిని మనిషి ఒంటికి అనువుగా చెయ్యడం, కిందికి వస్తుందని ఎవరూ అనుకోరు, నేను కూడా అనుకోలేదు, నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాకే కనబడింది. బిలోలి అబ్బాయి సంగతి జరిగాక మా నలుగురం ఎవరు ఎప్పుడు ఎన్ని మెట్లు ఎక్కామో, ఎందుకు ఎక్కామో రాస్తున్నాను. ఒకే మెషీన్‌కి ఒకే వారంలో నాలుగుసార్లు ఎక్కిన సందర్భం ఒకటుంది. మొదటిసారి లోపం చూడడానికి. రెండోసారి గాలి కొలిచే సెన్సర్ మార్చడానికి, తీరా చూస్తే స్టోరు నుంచి వచ్చింది వేరే మోడల్. మూడోసారి సరైనది వచ్చింది, కనెక్టర్ రాలేదు. నాలుగోసారి అయిపోయింది. మొదటిది అవసరమే. నాలుగోది అవసరమే. మధ్యలోని 570 మెట్లు, దిగడంతో కలిపి 1140, కాగితం మీద ఒక నంబరు తప్పు రాయడం వల్ల మా మోకాళ్ల మీద పడ్డాయి. స్టోరు రిపోర్టులో అది రెండు రోజుల ఆలస్యంగా మాత్రమే కనబడుతుంది. కంట్రోల్ రూమ్ నుంచి రీసెట్ చేస్తే పోయే ఎర్రర్‌కి కూడా ఒక్కోసారి ఎక్కి చూడండి అంటారు. ఎక్కే ముందు అడిగి, ఫోటోలు చూసి, రెండు మూడు విడి భాగాలు ఒకేసారి పట్టుకెళ్తే సగం ఎక్కడాలు తప్పుతాయని మా నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది.

భాష గురించి ఒక్క మాట. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలయ్యే ముందు పెట్టే చిన్న మీటింగ్‌లో, హిందీలో అడుగుతారు, అందరూ ఫిట్‌గా ఉన్నారా అని. అందరం చెయ్యెత్తుతాం. ఫారమ్‌లో ఇంగ్లిష్‌లో నొప్పి ఉందా లేదా అని రెండు గళ్లు ఉంటాయి, లేదు దగ్గర టిక్ పెడతాం. నొప్పి గురించి మనిషి నిజంగా మాట్లాడేది ఇంటి భాషలో. మా తెలుగులో నొప్పికి ఒకటే మాట లేదు. పట్టేసింది అంటే కండరం. గుంజుతోంది, తిమ్మిరెక్కింది, మొద్దుబారింది అంటే నరం సంగతి కావచ్చు. కలుక్కుమంది అంటే ఒక్కసారిగా ఏదో తప్పుకుంది. చెయ్యి పట్టు తప్పుతోంది అంటే వెంటనే ఆపాలి. ఈ మాటల మధ్య తేడా తెలిసిన డాక్టరో, ఫిజియోథెరపిస్టో విని ఉంటే బిలోలి అబ్బాయిని రెండు వారాల ముందే కింద ఉంచేవాళ్లు. మీ ఫారమ్‌లో గళ్లకు బదులు మనిషి బొమ్మ ఒకటి వెయ్యండి. ఎక్కడ బాధో అక్కడ గీత గీస్తాం. ఎట్లా ఉందో తెలుగులోనో మరాఠీలోనో రాస్తాం. ఆ కాగితం కాంట్రాక్టర్ చేతికి పోకుండా చూడండి.

అసలు భయం అక్కడే ఉంది సార్. నొప్పి అని చెప్పినవాడికి పనిపోతే ఇంకెవరూ చెప్పరు. చెప్పకపోతే బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉంటుంది, కానీ ఆ అంకెతో మీకు ఏమీ తెలియదు. పైగా మీరు ఎంతో భయపడే పడిపోవడం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. వేళ్లు తెరుచుకోని చెయ్యి కొక్కెం సరిగ్గా వెయ్యదు. మూడో మెషీన్ ఎక్కుతున్నవాడు ప్లాట్‌ఫామ్ దగ్గర ల్యాన్యార్డ్ మార్చేటప్పుడు ఒక కొక్కెం తీసి రెండోది వెయ్యడం మరిచిపోతాడు. అలిసిన ఒంటితో పడి హార్నెస్‌కి వేలాడినవాణ్ణి త్వరగా దించకపోతే కాళ్లలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

అడిగేవి చెప్తాను. అన్నీ ఒకే ఏడాది అవుతాయని అనుకోవడం లేదు, కానీ మొదటి రెండింటికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు.

మెషీన్ ఎన్ని గంటలు తిరిగిందో సెకన్లతో సహా లెక్క ఉంది మీ దగ్గర. మనిషి ఎన్ని మెట్లు ఎక్కాడో కూడా లెక్క పెట్టండి. ప్రతి టెక్నీషియన్‌కీ రోజుకు, వారానికి ఒక హద్దు పెట్టండి. 80 మీటర్ల టవర్ లిఫ్టు లేకుండా రోజుకు రెండుసార్లకు మించి వద్దని నా పన్నెండేళ్ల అనుభవంతో అడుగుతున్నాను. తక్కువ ఎత్తు టవర్లకు వేరే లెక్క పెట్టండి. హద్దు దాటాల్సి వస్తే మీ సంతకం ఉండాలి, టీమ్ లీడ్ నోటి మాట చాలదు. నాలాంటివాడు సీజన్ ఒత్తిడిలో తప్పు చేస్తాడు. చేశాను.

హాయిస్ట్, క్లైంబ్ అసిస్ట్, లిఫ్టు, ఈ మూడింటిలో ఏది చెడిపోయినా ఆ మెషీన్‌లో బరువు పని ఆపండి. ముందు దాన్ని బాగు చేయించండి. వాటి రిపేరు మెషీన్ రిపేరంత ముఖ్యమని సాఫ్ట్‌వేర్‌లో మార్చితే స్టోరు కూడా అట్లాగే చూస్తుంది.

హబ్ పనికి ముగ్గురిని పంపండి, గంటకోసారి చోటు మార్చుకుంటారు. మోకాళ్ల కింద మెత్తటి పరుపు ముక్క, మోకాలి ప్యాడ్లు, తేలికపాటి టార్క్ పనిముట్లు ఇవ్వండి. గ్రీజు గన్ చేత్తో కొట్టేది మానేసి బ్యాటరీది ఇవ్వండి. బ్లేడు తన చుట్టూ తాను తిరిగే చోట ఉండే పిచ్ బేరింగ్‌కి గ్రీజు కొడితే ఒక్క రోజులో వందలసార్లు పిడి నొక్కాలి, ఆ సాయంత్రం అన్నం ముద్ద కలపడానికి వేళ్లు ముడవవు. తన భార్య కలిపి పెడుతుందని మా టీమ్‌లో ఒకాయన చెప్పాడు. సిగ్గుపడుతూ చెప్పాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వేసవిలో పని తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా దింపేయండి. పైన నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మూత్రానికి మూతున్న సీసాలు పెట్టించండి. ఇది రాయడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది, కానీ దీనివల్లే మనుషులు నీళ్లు తాగడం లేదు.

కొత్త కార్మిక భద్రత కోడ్ 2020లో చట్టమై 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని, అది ఏ వయసువారికి, ఏ తరగతి పనివారికి అన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుందని అందులో ఉంది. మీరు ఆ వయసు దాకా ఆగకండి. మా పిల్లలకు పాతికేళ్లకే మోకాళ్లు అరుగుతున్నాయి. బీపీ, షుగర్ చూసి పంపకుండా చేతి పట్టు, భుజం కదలిక, మోకాలు, నడుం చూడండి. చేరిన రోజున ఒకసారి చూసి రాసి పెట్టుకుంటే తర్వాత ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. బాగాలేనివాణ్ణి ఇంటికి పంపకుండా కింద చేసే పని ఇవ్వండి. ప్యానెళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, స్టోరు, కంట్రోల్ రూమ్, పని చాలా ఉంది. స్టోరులో కూర్చున్నది టవర్ ఎక్కినవాడైతే కనెక్టర్ మరిచిపోడు.

దేశంలో గాలి కరెంటు సామర్థ్యం 2025లో 50 గిగావాట్లు దాటింది. మహారాష్ట్రలోనే 5 వేల మెగావాట్లకు పైన ఉంది. టవర్లు ఇంకా వస్తాయి, ఇంకా ఎత్తుగా వస్తాయి. మా తాలూకాల ఐటీఐల నుంచి పిల్లలు ఇంకా వస్తారు. మా చిన్న తమ్ముడు ఈ ఏడాది ఎలక్ట్రీషియన్ రెండో సంవత్సరంలో ఉన్నాడు, అన్నా నేను కూడా మెషీన్ మీదికే వస్తా అంటున్నాడు. నేను ఇంకా ఔననలేదు.

బిలోలి అబ్బాయి ఇప్పుడు లేచి నడుస్తున్నాడు. డాక్టర్ ఇంకో ఆరు నెలలు నిచ్చెన వద్దన్నాడు. వాడు రోజూ ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటావు అన్నా అని అడుగుతున్నాడు. స్టోరులోనో కంట్రోల్ రూమ్‌లోనో వాడికి ఒక కుర్చీ ఇస్తే రేపే దేవగిరి రైలు ఎక్కి వస్తాడు, పర్భణీలో దిగి బస్సు పట్టుకుంటాడు. వచ్చే సీజన్ మొదలయ్యే ముందు ఒక రోజు మీ ఆఫీసులో నాకు గంట సమయం ఇవ్వండి. నోటుబుక్కు తెస్తాను. ఎవరు, ఏ మెషీన్, ఎన్ని మెట్లు, ఎందుకు, అన్నీ తేదీలతో ఉన్నాయి. స్టోరు ఇన్‌చార్జిని కూడా కూర్చోబెట్టండి.

ఇట్లు,
ధర్మాబాద్ తాలూకా నుంచి ఒక టీమ్ లీడ్